కూతకు ముందు

ఆగస్టు 31, 2025. చింతామణి

వినాయకుడి పందిళ్ళు లేచాయంటే పక్కనే కబడ్డీ కోర్టూ లేస్తుంది. ఎర్రమట్టికి నీళ్ళు చల్లి, చదును చేసి, సున్నంతో గీతలు గీశారు. మైకులో స్కోరు కన్నడలో, కోర్టులో అరుపులు తెలుగులో. మా తాలూకాల్లో ఆట ఎప్పుడూ ఈ రెండు భాషల్లోనే నడుస్తుంది.

ఈ రోజు చూసిన ఒక కూత మరచిపోకముందే రాసుకోవాలి. సన్నటి కుర్రాడు, ఎదుట ఏడుగురు. వచ్చీ రాగానే కుడివైపుకి పోయాడు. బోనస్ గీత మీద కాలు వేయబోతున్నట్టు ఒకసారి, మళ్ళీ ఒకసారి చూపించాడు. కుడి కవర్‌లో ఉన్నవాడు అడుగు ముందుకేశాడు. వాడి చెయ్యి పట్టుకుని ఉన్నవాడూ వాడితో పాటే జరిగాడు. ఇంకేముంది, ఎడమ కార్నర్ ఒంటరి అయిపోయాడు. కుర్రాడు గిరుక్కున తిరిగాడు. కార్నర్ చీలమండ కోసం వంగాడు, వంగిన వీపు మీద నాలుగు వేళ్ళు తగిలాయి, కుర్రాడు మధ్యగీత దాటేశాడు.

పాయింటు వచ్చింది ఎడమవైపు. పని జరిగింది కుడివైపు.

సెప్టెంబరు 4

కూతకు 30 సెకన్లు. మగవాళ్ళ కోర్టులో మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి ఒక మీటరు అవతల బోనస్ గీత. ఎదుట ఆరుగురైనా ఉంటేనే బోనస్. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. ముగ్గురో అంతకన్నా తక్కువో మిగిలిన జట్టు రైడర్‌ని పట్టేస్తే వాళ్ళకు రెండు పాయింట్లు.

ఈ లెక్కలు మా పిల్లలకు నోటికి వచ్చు. వాటితో ఏం చేయొచ్చో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. ఖాళీ కూత వృథా కాదు. ఎదుటి కార్నర్ ఏ కాలు ముందు పెడతాడు, కవర్ ఎంత త్వరగా దూకుతాడు, ఎవరు అలిసిపోయారు, ఇవన్నీ చూసి రావడానికి అదే అదను. అది చూడకుండా తిరిగొచ్చినవాడు మూడో కూతకు కళ్ళు మూసుకుని పోతున్నట్టే.

సెప్టెంబరు 12

మా మేనల్లుడు సిడ్నీలో పారమట్టా దగ్గర ఉంటాడు. అక్కడ తెలుగువాళ్ళు చాలామంది. ఆ పడమటి సిడ్నీ అంతా రగ్బీ లీగ్ గడ్డ. వాడు పంపిన మ్యాచ్ ముక్కలు రాత్రంతా చూశాను.

జట్టుకు 13 మంది. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. తన్ని మాత్రం ముందుకు పంపొచ్చు. బంతి పట్టుకున్నవాడిని కింద పడేస్తే వాడు లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి ఆట మళ్ళీ మొదలుపెడతాడు. అలా పడేయడాన్ని టాకిల్ అంటారు. ఆరుసార్లు దొరికితే బంతి ఎదుటివాళ్ళది. ఒకప్పుడు ఈ హద్దు లేదు. 1960లలో నాలుగు అన్నారు, 1970ల మొదట్లో ఆరు చేశారు. అవకాశాలకు లెక్క కట్టిన రోజు నుంచే ఆటలో ఆలోచన పెరిగింది. మొదటి రెండు మూడు బలంగా ముందుకు దూసుకుపోవడానికి, తర్వాతవి ఎదుటి డిఫెండర్ల గోడను ఒక పక్కకు లాగడానికి, చివరిది తన్నడానికి.

మన మూడో కూతకూ వాళ్ళ ఆరో టాకిల్‌కూ గుణం ఒకటే.

సెప్టెంబరు 19

రగ్బీ లీగ్‌లో దాడిని నడిపేవాళ్ళు నలుగురు: ఫుల్‌బ్యాక్, ఫైవ్ ఎయిత్, హాఫ్‌బ్యాక్, హుకర్. ఈ నలుగురినీ కలిపి జట్టుకు వెన్నెముక అంటారు.

వాళ్ళు పదేపదే ఆడే ఎత్తు ఒకటి నెమ్మదిగా ఆపి ఆపి చూశాను. హాఫ్‌బ్యాక్ బంతి పట్టుకుని గోడకు దగ్గరగా వస్తాడు. పక్కనుంచి ఒక బలమైనవాడు బంతి తనకే అన్నట్టు రెండు అడుగుల సందులోకి పరుగెడతాడు. వాడి వీపు వెనకనుంచి ఫుల్‌బ్యాక్ వంపు తిరిగి వస్తుంటాడు. ఎదుట నిలబడ్డ డిఫెండర్ తేల్చుకోవాలి. పరుగెత్తేవాడిని పట్టుకుందామని ఆగితే బంతి వెనకనుంచి ఫుల్‌బ్యాక్‌కి పోతుంది, బయట ఒకడు ఎక్కువవుతాడు. ఫుల్‌బ్యాక్ కోసం పక్కకు జరిగితే ఆ పరుగెత్తేవాడికే చిన్న పాస్, సందు తెరుచుకుంటుంది. ఎటు పోయినా నష్టమే.

హాఫ్‌బ్యాక్ చూసేది బంతిని కాదు, తన మనిషిని కాదు. ఆ ఒక్క డిఫెండర్ భుజాలను.

సెప్టెంబరు 28. బాగేపల్లి

ఇక్కడి మైదానంలో ఒక పి.టి. మేష్ట్రుతో చాలాసేపు మాట్లాడాను. ఈ మాట ఆయనదే: "రాగిముద్ద తిన్న కాళ్ళు సార్, బలానికి తక్కువేం లేదు. కూతకు పోయేటప్పుడు ఏం చూడాలో తెలీదు, అంతే."

ఆయన చేయిస్తున్న సాధన నచ్చింది. ఎదుటి రైడర్ తిరిగి వెళ్తుండగానే వాడి వెనకే మనవాడు దూసుకుపోవాలి, అవతలివాళ్ళు చేతులు కలిపి గొలుసు కట్టుకోకముందే. రగ్బీ లీగ్‌లో కిందపడ్డవాడు చురుగ్గా లేస్తే జరిగేదీ ఇదే. డిఫెన్స్ పది మీటర్లు వెనక్కి పోయి వరస కట్టుకునేలోపు హుకర్ బంతి తీసుకుని పరుగెడతాడు. గోడ కట్టక ముందు సందు వెతకనక్కర్లేదు.

అక్టోబరు 6

నిన్న సిడ్నీలో రగ్బీ లీగ్ ఫైనల్. మెల్‌బోర్న్ సగం ఆటకు 22-12తో ముందుంది. బ్రిస్బేన్ 26-22తో గెలిచింది. రెండో సగంలో మెల్‌బోర్న్‌కు ఒక్క పాయింటు కూడా రాలేదు. బ్రిస్బేన్ ఫుల్‌బ్యాక్ రీస్ వాల్ష్‌కు ఉత్తమ ఆటగాడి పతకం. ఒకప్పుడు వెనక నిలబడి బంతి పట్టుకోవడం ఫుల్‌బ్యాక్ పని. ఇప్పుడు దాడి వాడి చుట్టూ తిరుగుతోంది.

2015 ఫైనల్ కూడా చూశాను. నార్త్ క్వీన్స్‌లాండ్ 12-16తో వెనకబడి ఉంది, సమయం అయిపోతోంది. మైకేల్ మోర్గన్ డిఫెండర్లను తన మీదికి రప్పించుకుని, పట్టులో ఉండగానే బంతిని మూలనున్న కైల్ ఫెల్ట్‌కి చేరవేశాడు. 16-16. అదనపు సమయంలో జొనాథన్ థర్స్టన్ బంతిని గోల్ కర్రల మధ్యకు తన్ని 17-16తో ముగించాడు. స్కోరు పలకలో ఫెల్ట్, థర్స్టన్. దారి తీసింది మోర్గన్.

అక్టోబరు 14

2019 ప్రో కబడ్డీ ఫైనల్. దబంగ్ ఢిల్లీ నవీన్ కుమార్ ఒక్కడే 18 పాయింట్లు తెచ్చాడు. ఢిల్లీ 34-39తో ఓడింది. గెలిచిన బెంగాల్ వారియర్స్‌కి ఆ రోజు ప్రధాన రైడర్ మణిందర్ సింగ్ గాయంతో లేడు. నబీబక్ష్, మన కర్ణాటక ఆటగాడు సుకేశ్ హెగ్డే భారం పంచుకున్నారు. కోచ్ మన బి.సి. రమేశ్. ఆయనే 2024 మార్చి 1న హైదరాబాదులో పుణేరి పల్టన్‌ని 28-25తో గెలిపించాడు. అదీ ఒకే వీరుడి మీద ఆధారపడ్డ జట్టు కాదు.

బెంగళూరు బుల్స్ తరఫున పవన్ సెహ్రావత్ 2019లో ఒకే మ్యాచ్‌లో 39 రైడ్ పాయింట్లు సాధించాడు. ఆ ఆట మనసులోంచి పోదు. కానీ పవన్‌లు ఊరికొకరు పుట్టరు. కలిసి ఆలోచించే ఏడుగురిని మాత్రం ఏ ఊరైనా తయారుచేసుకోవచ్చు.

అక్టోబరు 19. చిక్కబళ్ళాపురం

రగ్బీ లీగ్ లెక్కల్లో ట్రై చేసినవాడి, అంటే పాయింట్లు తెచ్చినవాడి పేరు పక్కనే ట్రైకి దారి తీసినవాడి పేరూ రాస్తారు. మన కబడ్డీ స్కోరు పుస్తకంలో రైడర్ పేరు, పట్టినవాడి పేరు ఉంటాయి. ఖాళీ కూతలో కవర్‌ని అలవాటుగా ముందుకు లాగి, తర్వాతి రైడర్‌కి కార్నర్‌ని ఒంటరిగా వదిలిపెట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. రాయనిదాన్ని పిల్లలు నేర్చుకోరు.

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మేష్ట్రులకూ పందెం పెట్టే పెద్దలకూ ఒక మనవి. వచ్చే సంక్రాంతికి బయట కూర్చున్న ఆటగాళ్ళ చేతికి పలకా బలపం ఇవ్వండి. ప్రతి కూతకూ ఎదుటి జట్టులో ముందు కదిలింది ఎవరో రాయించండి. విరామంలో ఆ పలక చూసి రైడర్లతో మాట్లాడండి. ఉత్తమ రైడర్‌కి, ఉత్తమ డిఫెండర్‌కి ఇచ్చే కప్పుల పక్కన, దారి తీసినవాడికీ ఒక కప్పు పెట్టండి.