తిరిగిపోని రాయబారి

మా మనుమడు ఒక లావుపాటి ఆంగ్ల నవల నా చేతిలో పెట్టి, "చదవండి తాతయ్యా, ఇది గ్రహాల మీద జరిగే భారతం" అన్నాడు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వెలువరించిన 'డ్యూన్' అది. వైజ్ఞానిక కల్పనలంటే నాకు పెద్ద మక్కువ లేదు. పిల్లవాడి మాట కాదనలేక మొదలుపెట్టాను. చక్రవర్తి ఆజ్ఞపై అట్రైడీస్ అనే రాజవంశం అరాకిస్ అనే ఎడారి గ్రహాన్ని ఏలడానికి వస్తుంది. అంతకుముందు దానిని ఏలినవారు హర్కొనెన్లు. వారి పెత్తనం సాగిన కాలంలో చక్రవర్తి ప్రతినిధిగా ఫెన్రింగ్ అనే ప్రభువు సతీసమేతంగా అక్కడ ఉండేవాడు. ఆయన ఖాళీ చేసిన భవనంలోనే ఈ కొత్తవారు దిగుతారు. ఆ భవనానికి రచయిత పెట్టిన పేరు రెసిడెన్సీ.

నా చూపు ఆ మాట దగ్గర నిలిచిపోయింది. కాచిగూడలో కాపురముంటూ, కోఠీ మీదుగా నిత్యం రాకపోకలు సాగించేవాడికి రెసిడెన్సీ ఏ గ్రహాంతర సీమలోనిదో ఎందుకవుతుంది? అది మా ఇంటికి నడిచిపోయే దూరంలోనే ఉంది.

మనకు తెలిసిన రాయబారం వేరు. కౌటిల్యుడు దూతలను నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని మూడు విధాలుగా విభజించాడు. ముగ్గురికీ అధికారాలు వేరైనా, వెళ్ళి పని చక్కబెట్టుకొని తిరిగి రావలసినవారే. పాండవుల పక్షాన హస్తినకు వెళ్ళిన శ్రీకృష్ణుడు దుర్యోధనుడి విందును నిరాకరించి విదురుని ఇంట భుజించాడు. చెప్పవలసినది సభలో చెప్పి వచ్చేశాడు. ఈస్టిండియా కంపెనీ పంపిన దూతకు పేరే రెసిడెంటు, అనగా నివాసి. ఇక వెళ్ళడని ఆ బిరుదంలోనే ఉంది. మనవాళ్ళు దానిని అనువదించి చూసుకొని ఉంటే బాగుండేది!

1798 సెప్టెంబరులో నిజాం అలీఖాన్ కంపెనీతో సైన్యసహకార సంధి చేసుకున్నాడు. మరుసటి నెలలోనే, ఫ్రెంచివాడైన రేమండ్ తీర్చిదిద్ది పోయిన పటాలాలను రక్తపాతం లేకుండా నిరాయుధం చేశారు. కంపెనీ సైన్యపు ఖర్చు నిజాం మీద పడింది. ఆ ఖర్చుకు బదులుగా 1800 అక్టోబరు 12 నాటి సంధిలో ఆయన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవి 1792, 1799 సంవత్సరాలలో టిప్పూ రాజ్యం నుండి ఆయన వాటాకు వచ్చినవే. పదేళ్ళైనా గట్టిగా దక్కలేదు. ఈ సంధిని నడిపించిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. నేను పుట్టినది కడప జిల్లాలో. మా పెద్దలు తమ ఊరిని దత్తమండలం అనేవారు. ఎవరు ఎవరికి దత్తమిచ్చారో, అడిగి ఇచ్చారో లేదో చిన్ననాడు మాకెవరూ చెప్పలేదు. ఆ మాట పుట్టుక ఈ కోఠీ వ్యవహారంలో ఉందని నాకు తెలిసేసరికి తల నెరిసింది.

కిర్క్‌పాట్రిక్ కేవలం గుమాస్తా స్వభావం కలవాడు కాడు. హైదరాబాదు వేషభాషలను ఇష్టపడి స్వీకరించాడు. ఇక్కడి కులీన కుటుంబపు కన్య ఖైరున్నీసాను పెళ్ళాడాడు. 1803 ప్రాంతంలో మూసీ ఒడ్డున కొత్త భవనానికి పునాది వేశాడు. నక్షా చూడగానే నిజాం కుదరదన్నాడట. తన రాజ్యమంత పెద్ద కాగితం మీద గీసి తెచ్చారు మరి! అదే నక్షాను చీటీముక్కంత కాగితం మీద గీసి తెస్తే సంతోషంగా ఒప్పుకున్నాడని కథ. నిజమో కాదో గాని, దత్తమండలాల విషయంలోనూ ఇదే కిటుకు పనిచేసినట్లు నాకు తోస్తుంది.

నవలలో ఫెన్రింగ్ భార్య, నీటిచుక్కకు కరవైన ఆ గ్రహం మీద, భవనంలో రహస్యంగా పచ్చని తోట పెంచుతుంది. వెళ్ళిపోతూ, తర్వాత వచ్చే ఇల్లాలికి ఆపద పొంచి ఉందని ఆ తోటలోనే గుప్తసందేశం విడిచిపోతుంది. కోఠీ భవనం వెనుక కూడా జనానా తోట ఉండేది. అందులో ఆ భవనానికే చిన్న నమూనా ఒకటి కట్టారు. ఘోషా కారణంగా బయటికి రాలేని ఖైరున్నీసా చూసుకోవడానికి భర్త కట్టించాడని జనశ్రుతి. 1805లో పిల్లలిద్దరినీ సీమకు పంపారు. ఆ ఏడే అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. 1813లో కన్నుమూసేదాకా ఆమె మళ్ళీ బిడ్డల ముఖం చూడలేదు. రాయబార చరిత్ర వ్రాసేవారు సంధులను అంకెలు వేసి లెక్కిస్తారు. ఈ తల్లి దుఃఖానికి ఏ అంకె వేస్తారు?

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ల నాయకత్వంలో జనం ఈ రెసిడెన్సీ మీదనే దాడి చేశారు. దాడి విఫలమైంది. రాయబారి కదలలేదు.

ఒక్క విషయం మాత్రం నన్ను ఇరకాటంలో పెడుతుంది. రెసిడెన్సీ చుట్టూ ఏర్పడిన బజార్లలో నిజాం అధికారం చెల్లేది కాదు, బ్రిటిషువారిదే పరిధి. ఊరి నడుమ వేరొక ఊరు. 1933లో నిజాంకు తిరిగి దక్కిన తరువాతనే ఆ ప్రాంతం సుల్తాన్ బజార్ అయింది. ఆ బజారులోనే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి ఇంట తెలుగు గ్రంథాలయం వెలిసింది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజావారు దానికి అండ. తెలుగుకు దర్బారులో పీట లేని రోజులవి. మా సీమను మింగిన రాయబారి నీడలో మా భాష తలదాచుకుంది. ఆయనకు కృతజ్ఞత చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ నీడ లేదనడానికీ నోరు రాదు.

భవనం 1949లో మహిళా కళాశాలకు దక్కింది. నేడు చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయంగా ఉంది. గ్రంథాలయం సంగతి మాత్రం మరొక్క మాట. స్థాపకులు దానికి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమని పేరు పెట్టారు. రెసిడెంటు సంతకంతో కంపెనీకి పోయిన నేలను ఒకప్పుడు ఏలినవాడు ఆ రాయలే. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలవారు ఆ పాత పేరును వదిలి, రాయలసీమ అని పెట్టుకున్నారు. మా నాన్నగారు మాత్రం చివరిదాకా దత్తమండలం అనే అనేవారు.