మహమ్మారియు ప్రభుత్వములును

లోకమందు ఏదేని యొక పెద్ద యాపద వచ్చి తొలగిన పిమ్మట, ఏ రాజు ప్రజలను బాగుగా కాచెను, ఏ రాజు కాచలేకపోయెనని వాదించుకొనుట జనులకు సహజము. కరోనా మహమ్మారి విషయమందును అట్లే జరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11వ తేదీన దీనిని మహమ్మారిగా పేర్కొనెను. 2023 మే 5వ తేదీన అంతర్జాతీయ అత్యయిక స్థితి ముగిసినదని ప్రకటించెను. ఆ మూడేండ్లలోను, తరువాతను, మా సీమ రచ్చబండలమీద కొరియావారు గెలిచిరనియు, ఇటలీవారు ఓడిరనియు కోడిపందెముల ఫలితము చెప్పినట్లు చెప్పువారిని మేము పెక్కుమందిని వింటిమి. రోగుల సంఖ్యను, మృతుల సంఖ్యను ప్రక్కప్రక్కల పేర్చి దేశములకు మార్కులు వేయుట సులభమైన పని. ఇరువది యేండ్లుగా బడిపిల్లలకు మార్కులు వేయుటయే మా వృత్తి గనుక, అట్టి యంకెలలో ఎంత సత్యముండునో, ఎంత యుండదో మాకు కొంత తెలియును. ప్రశ్న సరిగా నున్నగాని జవాబునకు విలువ కట్టరాదు. కావున ప్రభుత్వములను పోల్చుటకు ముందు, ఏ ప్రశ్నలడిగి పోల్చవలెనో విచారింతము.

మొదటి ప్రశ్న: ప్రభుత్వము ప్రజలకు ముందుగా చెప్పినదా, కూటికి దారి చూపినదా? 2020 మార్చి 25వ తేదీ రెండు దేశములకు ఒక్కటియే. ఆనాడు భారతదేశమును, న్యూజిలాండును తలుపులు మూసికొన్నవి. న్యూజిలాండు ప్రభుత్వము 23వ తేదీననే సంగతి తెలిపి రెండు దినముల గడువిచ్చెను. అంతకుముందే పనివాండ్ర జీతములు నిలుపుటకు సర్కారు ధనమునుండి సాయము నేర్పాటు చేసియుండెను. మన దేశమందు 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి మాటలాడిరి. నాలుగు గంటలు గడచి అర్ధరాత్రి కాగానే ఇరువదియొక్క దినముల నిర్బంధము మొదలయ్యెను. ఉచిత ధాన్యమును గూర్చియు, జన్‌ధన్ ఖాతాలుగల స్త్రీలకు నెలకు 500 రూపాయలనుగూర్చియు ప్రకటన వెలువడినది 26వ తేదీన. న్యూజిలాండు ఏబదిలక్షల జనముగల దీవి. మనది నూటముప్పది కోట్లకు మించిన దేశము. మృతుల సంఖ్యలో ఈ రెంటిని పోల్చుట ధర్మము కాదు. అయినను అన్నము మాట ముందు చెప్పి తాళము మాట తరువాత చెప్పుటకు దేశము చిన్నదై యుండనక్కరలేదు.

ఆ క్రమము తప్పినందున కలిగిన కష్టము మా గుంటూరు, ప్రకాశము మైదానములందు కన్నులార చూచితిమి. మార్చి నెల మిరపకోతల కాలము. పశ్చిమ ప్రకాశమునుండియు, కర్నూలు సీమనుండియు కుటుంబములకు కుటుంబములు వలసవచ్చి, చేలగట్లమీద గుడిసెలు వేసికొని కాయ కోయుదురు. నిర్బంధము వచ్చునప్పటికి వారు ఆ గుడిసెలలోనే చిక్కుకొనిరి. గుంటూరు మిర్చియార్డు మూతపడెను. కల్లములలో ఆరబోసిన కాయ టిక్కీల కెక్కినను అమ్ముకొను దారి లేదు; కాయ అమ్మినగాని కోతకూలి ఇయ్యలేని రైతు కూలివారి మొగము చూడలేక తిరిగెను. పత్తి చివరి తీతలు ఇండ్ల మూలల మూటలై మిగిలినవి. రోగము మా యూరికి రాకమునుపే ఆకలి వచ్చినది.

రెండవ ప్రశ్న: ప్రభుత్వము చేతబట్టిన సాధనమెట్టిది? 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జారీచేసిన నియమావళికి మూలము 1897 నాటి అంటురోగముల చట్టము. అది బొంబాయి ప్లేగునాడు తెల్లదొరలు చేసినది. పూనా నగరమందు సైనికులు ఇండ్లలో జొరబడి సోదాలు చేయగా ప్రజలకు కలిగిన ఆగ్రహమువలన, ఆ యేడే ప్లేగు అధికారియైన రాండ్ దొర చాపేకరు సోదరులచేత కాల్పబడెను. ఆ చట్టమందు ప్రజలకు ఆజ్ఞలు కలవు, శిక్షలు కలవు, అధికారులకు రక్షణ కలదు. ప్రభుత్వము ప్రజలకు చేసితీరవలసిన పని మాత్రము ఒక్కటియు లేదు. దక్షిణకొరియా 2015లో మెర్స్ అను రోగమువలన నష్టపడి, ఆ అనుభవముతో పరీక్షల నేర్పాట్లను చక్కబఱచుకొనెను. అందుచేత 2020లో దేశమంతటిని మూయకయే రోగులను వెదకి పట్టగలిగెను. ఏప్రిల్ 15వ తేదీన ఎన్నికలను సైతము జరిపెను. మన పొరుగుననున్న కేరళకు 2018 నిపా రోగము అట్టి పాఠమే చెప్పినది. మన దేశమందలి మొదటి కరోనా రోగి 2020 జనవరి 30వ తేదీన కేరళమందే బయటపడగా, ఆ ప్రభుత్వము జాడ తీయుటకు పూనుకొనెను. నిర్బంధ కాలమందు ఊరూర వంటశాలలు పెట్టించెను. వలసకూలీలను అతిథి కార్మికులని పిలిచెను. పిలుపు మార్చినంతమాత్రమున కడుపు నిండదందురేమో. అతిథి యన్న పిదప పస్తుంచుటకు ఎవరికైనను సిగ్గు కలుగును.

మూడవ ప్రశ్న పొలిమేరనుగూర్చినది. పూర్వము కలరా వచ్చినప్పుడు మన పల్లెలలో అమ్మవారికి జాతర చేసి, పొరుగూరి పొలిమేరవఱకు సాగనంపి వచ్చెడివారు. చదువుకొన్న మనము దీనిని మౌఢ్యమని నవ్వుదుము. 2020 మార్చి చివరివారమున హైదరాబాదు వసతిగృహములు మూతపడగా, అచ్చటి పోలీసులిచ్చిన అనుమతిపత్రములతో మన పిల్లలు ఇండ్లకు బయలుదేరిరి. కృష్ణాజిల్లా గరికపాడునొద్దను, పల్నాటి పొందుగులయొద్దను ఆంధ్ర పోలీసులు వారి నాపిరి. ఒక ప్రభుత్వము పొమ్మన్నది, ఒక ప్రభుత్వము రావలదన్నది. ఏడాది తిరిగినది. 2021 మే నెలలో హైదరాబాదు వైద్యశాలలకు పోవు ఆంధ్రరోగుల యంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దున నిలిపిరి. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము జోక్యము చేసికొని ఆ యుత్తరువును నిలిపివేసెను. ఆ యేటి కిరుప్రక్కల నున్నవారు మాటలాడు భాష యొక్కటే. రోగమును పొరుగూరికి సాగనంపు పాతబుద్ధి జాతరలనుండి సచివాలయములకు మారినదే కాని పోలేదు.

నాలవ ప్రశ్న: ప్రభుత్వము నిజము లెక్కించినదా? ఇచ్చట మా రాష్ట్రమును మెచ్చుకొనక తప్పదు. ఆనాడు ఏబది యిండ్ల కొకరుగా నున్న వాలంటీర్లు ఇల్లిల్లు తిరిగి జ్వరము గలవారిని విచారించిరి. 2020 ఏప్రిల్ 4వ తేదీన పేదకుటుంబములకు వేయి రూపాయల చొప్పున ఇంటికే తెచ్చియిచ్చిరి. పరీక్షలు విరివిగా జరిగినవి. తత్ఫలితముగా ఆ యేడు ఆగస్టు ముగియునప్పటికి రోగుల సంఖ్యలో మహారాష్ట్ర తరువాత స్థానము మనదయ్యెను. తెలంగాణమందు పరీక్షలు చాలవని ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానమే పలుమారులు మందలించెను. పెద్దదీపము పెట్టుకొన్నవాని యింట దుమ్ము ఎక్కువగా కనబడును. అంతమాత్రమున వాడు మురికివాడు కాడు.

మరణముల లెక్క వచ్చునప్పటికి దీపములన్నియు చిన్నబోయినవి. 2021 సంవత్సరాంతమునకు మన దేశమందు మృతులు 4 లక్షల 80 వేల చిల్లరయని అధికార లెక్క. 2020, 2021 సంవత్సరములలో సాధారణమునకు మించి సంభవించిన మరణములు 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసెను. ఆ పద్ధతియే తప్పని భారత ప్రభుత్వము ఖండించెను. మా వీధిలో ఆ 2021 మే నెలలో ఇరువురు పరీక్షయైనను జరుగకయే ఊపిరాడక ఇంటనే మరణించిరి. సర్వోన్నత న్యాయస్థానము ఆమోదించిన 50 వేల రూపాయల సాయము పొందుటకు వారి యాలుబిడ్డలయొద్ద చూపుటకు కాగితము లేదు. లెక్క తప్పినచో బీదవాని కూడు తప్పునని మాకప్పుడు బోధపడినది.

మఱి రెండు సంగతులు సంస్కారప్రియులైన చదువరులు మఱవరానివి. 2020 మే నెలలో మద్యము దుకాణములు తెఱచి, రెండు దినములలో ధర నూటికి 75 వంతులు పెంచిరి. విశాఖజిల్లాలో మా తోడి యుపాధ్యాయులను ఆ దుకాణముల యెదుట వరుసలు సరిదిద్దుటకు నియమించిరి. జూలై నెల చివర ప్రకాశము జిల్లా కురిచేడులో, రోగవ్యాప్తివలన దుకాణములు మూసియుండగా, చేతులకు రాచుకొను శానిటైజరును త్రాగి పదిమందికి పైగా మరణించిరి. మద్యనిషేధమును కోరువారిలో మేమొకరము. కాని ఆ వ్యసనమును చికిత్సవలన మాన్పక, ధరచేతను తాళముచేతను మాన్పుదమనుకొనుట ఎంత ప్రమాదమో ఆ పీనుగులు చెప్పినవి.

రెండవది బడి. స్వీడనులో పదునాఱేండ్లలోపు పిల్లల బడులు చాలవఱకు తెఱచియే యుంచిరి. మా రాష్ట్రమందు 2020 మార్చి 19న మూసిన బడులు నవంబరు 2వ తేదీన పై తరగతులకు తెఱచిరి. సప్తగిరి దూరదర్శనములో పాఠములు వచ్చినవి, నిజమే. కూలికిపోయిన తల్లిదండ్రుల యింట ఆ పెట్టె యెదుట పిల్లను కూర్చుండబెట్టువారెవరు? గణితమందు మా తరగతి కెల్ల మొదటిదైన యొక బాలిక బడి తెఱచిననాడు రాలేదు. విచారింపగా, వేసవిలోనే పెండ్లి చేసిరని తెలిసినది. ఇంట నూరకున్నది గదా యని తల్లి చెప్పిన కారణము. 1929లో శారదా చట్టము వచ్చినను, తొంబదియేండ్ల పిమ్మట బడి తలుపు మూసియుండుటయే ఆ బాలికకు ముహూర్తమైనది. ఏ దేశపు రోగుల పట్టికలోను ఆమె పేరు చేరదు.

స్వీడను ప్రభుత్వము తప్పులు చేయలేదా? వృద్ధుల యాశ్రమములలో పెక్కుమంది మరణించిరి. కాని ఆ ప్రభుత్వమే 2020లో విచారణసంఘమును నియమించెను; వృద్ధులను కాపాడలేకపోతిమని ఆ సంఘము డిసెంబరులోనే వ్రాసెను; దేశమును మూయకపోవుట సరియే యైనను మొదట చాల యాలస్యము చేసితిరని 2022లో తుది నివేదిక చెప్పెను. బ్రిటనులోను బహిరంగ విచారణ జరిగినది. మాకు ఆ దేశముల రోగుల సంఖ్యకంటె ఈ సంగతియే యెక్కువ ఆదర్శముగా కనబడుచున్నది. మన రాష్ట్రమందును ఏ పక్షము ప్రభుత్వమున నున్నను, ఊరూర ఎందఱు పోయిరి, ఎందఱు బడి మానిరి, ఎవరి కూలి నిలిచిపోయెను అని విచారించి, తెలుగున అచ్చువేసి పంచవలెను. అట్టిది వచ్చువఱకు గ్రామపంచాయతీలయందును, బడులయందును మనమే ఆ పట్టికలు వ్రాసి యుంచుట మంచిది. ఆ మూడేండ్ల సంగతి తెలిసినవారింకను ఊళ్లలో నున్నారు. వారిని ఇప్పుడే యడుగవలెను.