ఆపా చేతి కాబ్లర్

మా ఆపా కువైట్ నుంచి వచ్చేసినప్పుడు సూట్‌కేసులో టాంగ్ డబ్బాలు, పాలపొడి, అమ్మీకి జానమాజ్, నాకు రెండు దుపట్టాలు ఉన్నాయి. వాటితో పాటు ఒక మీఠా చేయడం కూడా నేర్చుకుని వచ్చింది. దాని పేరు కాబ్లర్. పండ్ల మీద పిండి, లేదా పిండి మీద పండ్లు వేసి కాల్చేది.

మా కడప జిల్లాలో కువైట్ ముఖం చూడని ఖాన్‌దాన్ తక్కువే కదా. ఆపా వెళ్ళేటప్పటికి వాళ్ళ అబ్బాయికి నాలుగేళ్ళు. తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో వంట చేసింది. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి పోయింది. పిల్లాడు జమ్మలమడుగులో మా అమ్మీ దగ్గరే పెరిగాడు. నేను ఆపా అని పిలవడం విని, వాడు కూడా కన్నతల్లిని ఆపా అనే అంటాడు. ఆమె ఎప్పుడూ దిద్దలేదు. "పిలుస్తున్నాడు కదా, చాలు" అనేది.

పోయిన వేసవిలో మా దేవర్ పులివెందుల నుంచి పెద్ద అరటి గెల తెచ్చాడు. ఆ వారం ధర లేదని రైతు కోత కూలీ కూడా దండగంటూ తోటలోనే వదిలేస్తున్నాడట. ప్రొద్దుటూరులో మా ఇంట్లో ఎంత తిన్నా తరగలేదు. సగం సంచిలో వేసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను. అప్పటికే తొక్కల మీద నల్లమచ్చలు. "పారేస్తే ఇస్రాఫ్" అంది అమ్మీ. ఆపా కొంగు బిగించింది.

ఓవెన్ లేదే అన్నాను. "నై తో క్యా హువా? దమ్ దేంగే" అంది.

ఐదు అరటిపండ్లు చక్రాలుగా కోసి, సగం నిమ్మకాయ పిండి, రెండు చెంచాల బెల్లంపొడి, ఇలాచీ కలిపింది. మరీ మెత్తబడిన పండు పక్కన పెట్టింది, అది గుజ్జయిపోతుందట. ఒక కప్పు మైదా, అర కప్పు చక్కెర, చెంచాన్నర బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ఒక కప్పు పాలు. ఉండల్లేకుండా జారుగా కలిపింది. సత్తు గిన్నెలో ఆరు పెద్ద చెంచాల నెయ్యి కరిగించి, దాని మీద పిండి పోసి, పైన పండ్లు పరిచింది. నేను గరిటె తీసుకుంటే చేయి పట్టుకుంది. కలపకూడదు! పిండి తనంతట తానే పొంగి పండ్ల చుట్టూ పైకొస్తుంది. అదే దీని కిటుకు.

పెద్ద డేగ్చీలో ఉప్పు పరిచి, స్టాండు పెట్టి, ముందే బాగా వేడి చేసింది. గిన్నె లోపల దించి, మూత మీద నిప్పులు పోసింది. సన్న సెగ మీద యాభై నిమిషాలు. ఓవెన్ ఉన్నవాళ్ళకి 180 డిగ్రీల మీద నలభై ఐదు నిమిషాలు చాలు. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

తర్వాత చదివితే తెలిసింది. అమెరికాకు వలస పోయినవాళ్ళు ఇనుప కుండ మూత మీద నిప్పులేసి ఇట్లాగే చేసుకునేవాళ్ళట. వాళ్ళు కూడా ఇల్లు వదిలి పోయినవాళ్ళే.

దస్తర్‌ఖాన్ మీద వేడివేడిగా పెట్టింది. పిల్లాడు మొదటి కటోరా మాట్లాడకుండా తిన్నాడు. రెండోది చాపి అడిగాడు:

"ఆపా, ఆ కువైట్ పిల్లలకి కూడా ఇదే చేసేదానివా?"

అందరం తలలు దించుకున్నాం. ఆపా మాత్రం గరిటె ఆపలేదు.

"ప్రతి జుమేరాత్ చేసేదాన్ని బేటా. వాళ్ళకి డబ్బా పండు. ఇది పులివెందుల పండు. ఇంకా డేగ్చీలో దమ్ పట్టి చేయడం ఇదే మొదటిసారి."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే ఇది మనదే" అన్నాడు.

ఇప్పటికీ ఆపా అనే పిలుస్తాడు. కానీ జుమేరాత్ అస్ర్ అయ్యేసరికి నిప్పులు రాజేసేది వాడే. అల్‌హమ్దులిల్లాహ్.

అరటి లేకపోతే బేనిషా మామిడితో చేయండి, చక్కెర కొంచెం తగ్గించండి. కలపడం మాత్రం నక్కో.