కిందినుంచి తిరిగొచ్చిన నూనె

మా అయ్య చేతులకి ఆముదం వాసన. నా చేతులకి ఇంజనాయిలు వాసన. రెండూ సబ్బుకి పోవు.

మాది చోడవరం దగ్గర ఊరు, మాదిగ పేట. అయ్య చెప్పులు కుట్టేవాడు. తోలుకి ఆముదం పట్టించి ఎండలో పెట్టేవాడు. "సమురు పైన పూస్తే సాల్దురా, లోపలికి తాగాల. తాగిందో లేదో మడిసి సూడాల" అనేవాడు. కాస్ట్రాల్ అన్న పేరు ఆముదం ఇంగ్లీషు పేరులోంచే వచ్చిందనీ, 1909లో ఆ ఆయిల్లో ఆముదం కలిపారనీ నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అప్పటికి అయ్య లేడు.

నా చదువు ఎనిమిదితో ఆగింది. గాజువాకలో ఒక సాయిబు షెడ్డులో చేరాను. స్టీలు ప్లాంటు కట్టుబడి జోరుమీదున్న రోజులు. కాంట్రాక్టర్లకి బుల్లెట్టే దర్జా. మా ఊళ్లో ఆ చప్పుడు వినబడితే పేటలో ముసలాళ్లు మంచాల మీంచి లేచి నిలబడేవారు. అదే బండి ఇక్కడ నా ముందు నట్లు విప్పించుకుని పడుండేది.

1984లో ఒక కాంట్రాక్టరు ఇంటికి కబురొచ్చింది. సాయిబు నన్ను పంపాడు. బండి హెడ్డులో టకటకా చప్పుడు. అప్పటికే ఇద్దరు మేస్త్రీలు రాకర్లు మార్చారు. నెలకే మళ్లీ అరిగాయి. ఆయన నా ఊరడిగాడు, పేటడిగాడు. "ఏరా, చెప్పులు కుట్టే చేతులకి ఇంజనేం తెలుస్తుంది?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. పాత బుల్లెట్లో రెండు పంపులుంటాయి. ఒకటి నూనెని కింద క్రాంకు బిగ్ఎండుకి తోస్తుంది. రెండోది కింద పడ్డ ఆ నూనెనే లాగి, పైపుగుండా పైన రాకర్లకి పంపి, మిగిలింది ట్యాంకులో పోస్తుంది. అంటే పైవాటికి అందేది కిందినుంచి తిరిగొచ్చిన నూనే. చప్పుడు మాత్రం పైనే వినిపిస్తుంది. కిందిది ఎండిపోతున్నా నోరెత్తదు, ఎత్తిన రోజు ఇంజనే పోతుంది.

పైన రాకరు పైపు బోల్టు వదులు చేసి ఇంజను తిప్పాను. నూనె చుక్క రాలేదు. టైమింగ్ కవరు విప్పితే ఫెల్టు ఫిల్టరు తారుముద్దలా ఉంది. పంపు బిళ్లలు గీతలుపడి సరిగ్గా కూచోవడం లేదు. ఎవరో దండిగా పూసిన గాస్కెట్ పేస్టు తునక నూనె దారికి అడ్డంపడింది. సన్న గ్రైండింగ్ పేస్టుతో బిళ్లలు నూరాను. కిరసనాయిలుతో కడిగి, దారులన్నీ గాలి ఊదాను. కొత్త ఫెల్టుని నూనెలో నానబెట్టి, పంపుల్లో నూనె నింపి బిగించాను. డీకంప్రెసర్ పట్టుకుని ఊరికే చాలాసేపు కిక్కు కొట్టాను. తర్వాత స్టార్టు చేశాను. వదులు చేసిన బోల్టు దగ్గర నూనె ఊరి కారింది. మడిచి చూసినట్టే. టకటక తగ్గింది.

ఆయన "శభాష్‌రా" అన్నాడు. మంచినీళ్లు అడిగాను. పనిమనిషి చెంబుతో అరుగు చివరికొచ్చి ఎత్తునుంచి పోసింది. ఆయిలు చేతులు దోసిలి పట్టాను. నీళ్లమీద నూనె తేలింది. తాగాను. పదిహేడేళ్లవాణ్ణి, దాహం వేసింది అని ఎన్నిసార్లు సమాధానం చెప్పుకున్నానో. అయినా అది దిగలేదు.

మరుసటి ఏడు జులైలో కారంచేడు జరిగింది. మాదిగల మంచినీళ్ల చెరువుని పాడుచెయ్యొద్దన్నదగ్గర మొదలైన గొడవలో ఆరుగురు మాదిగల్ని చంపేశారు. పేపరు చదువుతుంటే నా దోసిలి గుర్తొచ్చింది. నా అవమానం ఎంత, వాళ్ల చావెంత. కానీ నీళ్లు అవే. ఆ రోజే అనుకున్నాను, ఇక ఎవరి ఇంటికీ వెళ్లి బండి చూడను. బండే నా దగ్గరికి రావాలి.

తర్వాత సొంత షెడ్డు పెట్టాను. అంబేడ్కర్ పటం కింద ఒక కుండ, ఒక గ్లాసు. మూడేళ్ల కిందట ఆ కాంట్రాక్టరు మనవడు అదే బండి తోసుకొచ్చాడు. నంబరు చూసి గుర్తుపట్టాను. దాహమన్నాడు. కుండ చూపించాను. ముంచుకుని తాగాడు. నేనెవరో అతనికి తెలీదు, నేనూ చెప్పలేదు.

దీంతో కులం పోయిందని నేను రాయను. వాళ్లింట్లో ఇప్పుడు ఎవరికి ఏ గ్లాసు ఇస్తారో నాకు తెలీదు. నా షెడ్డులో మాత్రం గ్లాసు ఒక్కటే.