రావులపాలెంలో ఘటోత్కచుడు

మిత్రులారా, దసరా సెలవులకు ముందు మన భోజనశాలలో టీవీ పెట్టి మాయాబజార్ చూపించారు గుర్తుందా? లడ్డూలు వాటంతటవే లేచి ఎస్.వి. రంగారావు నోట్లో పడుతుంటే మనం బెంచీలు గుద్ది ఒకటే గోల. వార్డెన్ సారు కూడా నవ్వారు. ఆ సినిమా 1957లో వచ్చిందనీ, తీసినది కె.వి. రెడ్డి గారనీ, కెమెరా మార్కస్ బార్‌ట్లే అనీ తెలుగు మేష్టారు చెప్పారు. మనం చూసిన రంగులు 2010లో వేసినవట. అందులో పాట పేరు పెట్టుకుని హైదరాబాదులో 'వివాహ భోజనంబు' అని హోటలే ఉంది, సినిమా నటుడు సందీప్ కిషన్‌కు అందులో వాటా ఉందట. అంత దూరం మనమెక్కడ పోతాం! కానీ సంక్రాంతి సెలవుల్లో నేను అలాంటి హోటల్లోనే భోంచేసి వచ్చాను. అది రావులపాలెంలో, రోడ్డు పక్కనే ఉంది.

మా చిన్నాన్న అక్కడ పని చేస్తున్నాడు. బొంగు చికెన్ వండడానికి మారేడుమిల్లి వైపు మనిషి కావాలంటే వెళ్ళాడు. నన్ను ఒకసారి రమ్మన్నాడు. రాజమండ్రిలో బస్సు మారాను. కడియపులంక దగ్గర రోడ్డుకి రెండు పక్కలా పూలమొక్కలే. జొన్నాడ దాటాక గౌతమి వంతెన. కిటికీలోంచి చూస్తే ఆ నీళ్ళకి అంతు కనపడలేదు. మన కొండల మధ్య నుంచి వచ్చే గోదారే ఇది అంటే నమ్మబుద్ధి కాలేదు. వంతెన దిగితే రావులపాలెం. ఎక్కడ చూసినా అరటి గెలలే. ఒక్కో సైకిలుకి ఎన్ని గెలలు కట్టారంటే తొక్కేవాడు కనపడడు, గెలలే నడిచి వెళ్తున్నట్టుంటుంది.

హోటలు గుమ్మం దగ్గర ఘటోత్కచుడు నిలబడి ఉన్నాడు. కిరీటం, కోరమీసం, భుజాన గద. పిల్లలు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. నేను కూడా నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాను. ఆ ఘటోత్కచుడు వంగి, "ఏరా, బస్సులో కూర్చోడానికి దొరికిందా?" అన్నాడు. మా చిన్నాన్న!

అంతకుముందు ఆ వేషం వేసేవాడు పని మానేశాడట. చిన్నాన్న ఆరడుగుల పైనే ఉంటాడు కదా, మధ్యాహ్నం రెండు గంటలు నిలబడమన్నారట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నన్ను లోపల ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. "వీడి భోజనం నా జీతంలో పట్టుకోండి" అని మేనేజరు గారితో చెప్పడం నాకు వినపడింది. గోడల నిండా బొమ్మలే. శశిరేఖ, అభిమన్యుడు, కృష్ణుడు, బుగ్గన చెయ్యి పెట్టుకున్న లక్ష్మణకుమారుడు. ఇత్తడి పళ్ళెంలో అరిటాకు వేసి పదిహేను రకాలు వడ్డించారు. గారెలు, పులిహోర, ముద్దపప్పు, పనసపొట్టు కూర, ఇంకా పేర్లు తెలియనివి. లడ్డూ మాత్రం లేవలేదు, చేత్తోనే తిన్నాను.

పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం ఉంది. వాళ్ళ చిన్నపిల్ల గుమ్మం దగ్గర చిన్నాన్నని చూసి జడుసుకుని ఏడ్చింది. వాళ్ళ నాన్న, "ఇతనికి మేకప్పు కూడా అక్కర్లేదు, అడవి మనిషిలాగే ఉన్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళబ్బాయి నా ఈడువాడే. నా వైపు తిరిగి, "మీదే ఊరు?" అని అడిగాడు.

"రాజమండ్రి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. మారేడుమిల్లి అంటే నోరు పోతుందా? తలెత్తి చూస్తే చిన్నాన్న గుమ్మం దగ్గర నుంచి ఇటే చూస్తున్నాడు. తర్వాత మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. అంతవరకు రుచిగా ఉన్న పులిహోర గొంతులో అడ్డుపడింది.

మీరు గమనించారో లేదో గాని, సినిమాలో బంధువులు పొమ్మన్నట్టు చేస్తే సుభద్ర కొడుకుని తీసుకుని ఎక్కడికి వెళ్ళింది? అడవికే. హిడింబి ఇంటికే. ఈ మాట నాకు అప్పుడు తట్టలేదు. తిరుగు బస్సులో తట్టింది. అప్పుడు తట్టి ఏం లాభం?

రెండు గంటలు దాటాక చిన్నాన్న వేషం తీసేసి నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్ళాడు. గద నా చేతికిచ్చాడు. లోపల అంతా థర్మోకోలే, చంకలో పెట్టుకోవచ్చు. అక్కడ నిప్పుల మీద బొంగులు వరసగా పెట్టి ఉన్నాయి. మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, తిప్పుతూ కాలుస్తున్నాడు. నూనె చుక్క వెయ్యడు. మొదట్లో ఇక్కడివాళ్ళు ఎండిన బొంగులు తెచ్చారట. అవి పగిలి మంటలో కలిశాయి. పచ్చి బొంగయితే లోపల చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మకే మాంసం ఉడుకుతుంది. "ఇది మాత్రం వీళ్ళకి నేనే చెప్పాలి" అని నవ్వాడు. మొహం మీద రంగు ఇంకా చెవుల దగ్గర అలాగే ఉంది.

ఒక బొంగు చీల్చి ఆకులో వేశాడు. ముందు గదిలో కార్డు మీద దాని ధర చూశాను. చూసి ఉండకపోతే ఇంకా బాగా తినేవాణ్ణి. చిన్నాన్న ఊరి సంగతి ఎత్తలేదు. మా నాయనమ్మ మోకాళ్ళ నొప్పి అడిగాడు, నా లెక్కల మార్కులు అడిగాడు. నేనే చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసేశాను. బస్సు ఎక్కేటప్పుడు నోటుపుస్తకాలకని వంద రూపాయలు జేబులో పెట్టాడు. ఒక గెల కర్పూర అరటిపళ్ళు కూడా కొనిచ్చాడు. మీరు నాలుగు రోజులు తిన్న పళ్ళు అవే.

వచ్చే రెండో శనివారం నన్ను చూడ్డానికి హాస్టలుకి వస్తానన్నాడు. వార్డెన్ సారూ, గేటు దగ్గర ఆయన్ని ఎవరూ ఆపకుండా చూడండి. చాలా పొడుగ్గా, నల్లగా, పెద్ద మీసంతో ఉంటాడు. మారేడుమిల్లి నుంచి వచ్చానని చెబుతాడు. ఆయన మా చిన్నాన్నే.