అకారముతో ఆగిన గ్రంథము

నిన్నటి రాత్రి, దినచర్య పుస్తకములో పదకొండు పనులకు గాను ఏడింటి కెదుట టిక్కులు పెట్టి, మిగిలిన నాలుగింటిని మఱునాటి పుటలోనికి ఎక్కించుచుండగా కలము ఆగిపోయినది. పూర్తియైన ఆ ఏడింటిలో ఒక్కటియు నా మనస్సున నిలువలేదు.

అప్పుడు కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులై, తరువాత సమస్త విజ్ఞానమును అకారాది క్రమమున తెలుగువారికి అందింపవలెనని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు అకారమునకే సరిపోగా, 1923లో ఆయన కన్నుమూసిరి. నేటి లెక్కలలో అది నెఱవేరని లక్ష్యము. కాని ఒక్కొక్క వ్యాసమునకై గ్రంథములు గాలించుచు, శాసనములు పరిశీలించుచు, పండితులచేత వ్రాయించుచు, తాము వ్రాయుచు గడపిన ఆ దినములు వ్యర్థములని ఎవరనగలరు? మన కాలమున వేగమే పనికి కొలమానమైనది; ఎంత చేసితివని అడుగుదురే గాని, ఎవరి కొఱకు చేసితివని అడుగువారు అరుదు. ఇది చిన్న లోపము కాదు.

ఈ ఉదయము ఆ నాలుగు పనులలో మూడింటిని కొట్టివేసితిని. మిగిలిన ఒక్కదానికి, ట్రంకు పెట్టెలో అంచులు పసుపువన్నెకు తిరిగిన మా నాయనగారి ఉత్తరములను తేదీల వరుసను సర్దుటకు, కూర్చుంటిని. మధ్యాహ్నమునకు మూడు ఉత్తరములు చదివితిని.