2504లో మన గూడెం ఎక్కడుంది?



పోస్ట్ కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. సినిమాల గురించే మొదలుపెడుతున్నాం కానీ చివరికి గ్రామసభ దగ్గరికి వస్తుంది. ఎందుకు వస్తుందో చదివితే తెలుస్తుంది.

మేం అయిదుగురం గౌలిగూడలో ఒక గదిలో ఉంటాం. ఇద్దరు ఉట్నూరు వైపు వాళ్లు, ఒకడు గోండు, ఒకడు కొలాం. ఒకడు భద్రాచలం కోయ. ఒకడిది దేవరకొండ దగ్గర తండా. అయిదోవాడు అమ్రాబాద్ చెంచు. ఊళ్లల్లో మన పెద్దల మధ్య ఉన్న గొడవలు మాకూ తెలుసు. గదిలో మాత్రం బియ్యం డబ్బా ఒక్కటే. పేర్లు రాయడం లేదు, ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం.

గౌలిగూడ అంటే గౌళీల గూడ. పశువులు కాసుకుని పాలు అమ్ముకునేవాళ్ల వాడ అన్నమాట. ఇప్పుడు ఒక్క పశువు కనపడదు, పేరు మాత్రం ఉంది. మా గదికి దగ్గర్లోనే పాత సెంట్రల్ బస్టాండు జాగా. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రోడ్డు రవాణా నాటి నుంచి ఇక్కడి పెద్ద ఇనుప రేకుల షెడ్డు కింద బస్సులు ఆగేవి. విమానాలు పెట్టుకోవడానికి విదేశం నుంచి తెప్పించిన షెడ్డు అని చెబుతారు. మా నాన్నలు మొదటిసారి పట్నం వచ్చినప్పుడు దిగింది దాని కిందే. ఇమ్లీబన్‌లో కొత్త బస్టాండు వచ్చాక జిల్లా బస్సులు అటు పోయాయి. 2018 జులై 5న ఆ షెడ్డు కూలిపోయింది. ఫోటోల్లో చూస్తే అది ఏదో పాత సైన్స్ ఫిక్షన్ సినిమా సెట్టులా ఉంటుంది. మా ఆదివారం సినిమాల ముచ్చట ఆ ఫోటోతోనే మొదలైంది.

ముందు 'ఆదిత్య 369' పెట్టాం. 1991 సినిమా, సింగీతం శ్రీనివాసరావు గారి డైరెక్షన్. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు టికెట్ డబ్బుల్లేక పోలేదు, అందుకే లాప్‌టాప్‌లో చూశాం. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీవీలో చూసినప్పుడు మాకు గుర్తున్నది టైమ్ మెషీన్, శ్రీకృష్ణదేవరాయల కొలువు, పాటలు. ఇప్పుడు చూస్తే వేరే కనిపించాయి. అమ్రీష్ పురి వేసిన రాజావర్మ పాతకాలపు విలువైన వస్తువులు దొంగిలించి సొంతంగా రహస్య మ్యూజియం పెట్టుకుంటాడు. టైమ్ మెషీన్ 1526కి వెళుతుంది. తర్వాత 2504కి వెళుతుంది. అక్కడ ప్రపంచ యుద్ధం అయిపోయి, రేడియేషన్ వల్ల మనుషులు నేల మీద బతకలేక భూమి లోపల ఉంటారు.

సినిమా అయ్యాక ఉట్నూరు గోండు తమ్ముడు అన్నాడు: "1526లో మా గోండు రాజులు చాందాలో ఏలుతున్నరు. ఆ మిషన్‌ను జర ఉత్తరం దిక్కు తిప్పితే అయిపోవు." అందరం నవ్వాం. అది జోక్ అయినా నిజమే. రాయల కొలువులో మనోళ్లు ఎవరైనా కనిపిస్తారేమోనని వెతికాం, మాకు కనపడలేదు. సరే, అది పాతకాలం. మరి 2504లో? అక్కడా లేరు. గతంలో లేం, భవిష్యత్తులో లేం. మరి ఎక్కడున్నాం అంటే మాసాబ్ ట్యాంక్ ట్రైబల్ మ్యూజియంలో ఉన్నాం. పోయినేడు మేం వెళ్లాం. మా ఇంట్లో ఇప్పటికీ వాడే బుట్టలాంటిదే అక్కడ చూశాం. మ్యూజియం మంచిదే, తప్పు పట్టడం లేదు. కానీ ఇంట్లో అమ్మ చేతిలో ఉన్న వస్తువు అక్కడ పాతకాలపు వస్తువులా పెట్టి ఉంటే ఒళ్లు ఒక రకంగా అయింది.

అప్పుడు అమ్రాబాద్ వాడు ఒక ప్రశ్న అడిగాడు. వాడు మామూలుగా తక్కువ మాట్లాడతాడు. వాళ్ల ఊళ్లను పెంటలు అంటారు. ఇంటర్‌లో ఎవరో ఊరి పేరు అడిగితే చెప్పాడట, క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి మండలం పేరే చెబుతాడు. ఆ రోజు అడిగింది ఇదీ: "2504ల అంత రేడియేషన్ అయిందంటే, ఆ బాంబులకు యురేనియం యాడికెళ్లి తవ్విన్రు?"

గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. 2019లో నల్లమలలో యురేనియం సర్వే అన్నప్పుడు వాడు స్కూల్లో ఉన్నాడు. రోడ్డు మీద రాస్తారోకోలో వాళ్లమ్మతో కూర్చున్నాడు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. దేవరకొండ వాడు అందుకున్నాడు. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం గనుల కోసం 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే తండాల వాళ్లు వద్దన్న సంగతి వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక జార్ఖండ్‌లోని జాదుగూడ సంగతి మనలో చాలామందికి తెలుసు. సంతాల్, హో ఆదివాసుల నేల అది. సినిమాలో 2504లో మనుషులంతా భూమి లోపలికి పోతారు. జాదుగూడలో మనోళ్లు 1960ల చివరి నుంచే పోతున్నారు.

ఇక్కడి నుంచి మాకు ఒక పద్ధతి దొరికింది. ప్రతి ఆదివారం ఒక పాత సైన్స్ ఫిక్షన్ సినిమా, చూశాక ఒకటే ప్రశ్న: ఇందులో మనం ఎవరం?

రెండో ఆదివారం 1953 నాటి 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్'. అంగారకుడి నుంచి యంత్రాలు దిగి అమెరికా ఊళ్లను కాల్చేస్తాయి. మామూలు దాడి సినిమానే అనుకున్నాం. ఆ వారమే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దాని నవల నలభై రూపాయలకు దొరికింది. హెచ్.జి.వెల్స్ 1898లో పుస్తకంగా తెచ్చిన నవల. డిక్షనరీ పెట్టుకుని మొదటి అధ్యాయం చదివాం. అందులో ఆయన టాస్మానియా గురించి రాశాడు. యూరప్ వాళ్లు వచ్చి అక్కడి మూలవాసులను తుడిచిపెట్టిన సంగతి గుర్తుచేసి, మనమే అలా చేశాక అంగారకుల మీద ఫిర్యాదు చేసే అర్హత ఉందా అన్నట్టు అడుగుతాడు. అంటే కథ పుట్టిందే అక్కడ. టాస్మానియాలో జరిగింది లండన్‌లో జరిగితే ఎట్లుంటుంది అని. సినిమాలోకి వచ్చేసరికి టాస్మానియా సంగతి మాకు కనపడలేదు, అమెరికా వాళ్ల భయం ఒక్కటే మిగిలింది. ఆకాశం నుంచి వచ్చినవాళ్లు మన భాష మాట్లాడరు, మన నేల కావాలంటారు, వాళ్ల ఆయుధం ముందు మనది పనిచేయదు. వాళ్లకు అది ఊహ. మన తాతలకు అది చరిత్ర.

మూడో ఆదివారం 'గొడ్జిల్లా'. ఇప్పటి రంగుల సినిమాలు కావు, 1954 నవంబర్‌లో జపాన్‌లో వచ్చిన మొదటిది, ఇషిరో హోండా తీసింది. అందులో ఒక చిన్న దీవి ఉంటుంది. పడవలు మునిగిపోతుంటే ఆ దీవి ముసలాయన ఇది గొడ్జిల్లా పనే అంటాడు. కుర్రవాళ్లు ఆయన్ని ఎగతాళి చేస్తారు. కోయ తమ్ముడు సినిమా ఆపి, "మా తాత గోదావరి గురించి చెప్పినప్పుడు కూడా ఇట్లనే నవ్వినం" అన్నాడు. ఆ సినిమా వెనక నిజం ఏంటంటే, అదే ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడి అందులోని 23 మంది జబ్బు పడ్డారు. సినిమా ఆ పడవతోనే మొదలవుతుంది అనొచ్చు. కానీ బికినీ వాళ్ల సంగతి అందులో లేదు. 1946లో అక్కడ 167 మంది ఉండేవాళ్లు. మానవాళి మేలు కోసం కొన్నాళ్లు ఖాళీ చేయమని ఒక సైనికాధికారి వాళ్లను అడిగాడు. వాళ్లు వెళ్లారు. 1958 దాకా అక్కడ 23 బాంబులు పేల్చారు. 1970లలో కొందరు తిరిగి వస్తే, ఒంట్లో రేడియేషన్ చేరిందని 1978లో మళ్లీ పంపేశారు. "కొన్నాళ్లు" అన్నది ఇంకా అయిపోలేదు.

నాలుగో ఆదివారం 'అవతార్' పెట్టాం. 2009ది, మరీ పాతది కాదు. కొండ కింద ఖనిజం, పైన చెట్టునే దేవతగా కొలిచేవాళ్లు. కథ వివరించక్కర్లేదు, అది మన కథే. సగం సినిమాకి గదిలో అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. కానీ చివర్లో కొలాం తమ్ముడికి కోపం వచ్చింది. "వీళ్లకు గూడ బయటికెళ్లే హీరో రావాల్నా?" అన్నాడు. నిజమే కదా. ఆ జనాన్ని నడిపించేది వాళ్లలో పుట్టినవాడు కాదు, సైన్యంతో వచ్చి మనసు మారినవాడు.

ఒడిశాలో నియమగిరి డోంగ్రియా కొంధులు బాక్సైట్ గనితో కొట్లాడుతున్నప్పుడు, 2010లో ఒక అంతర్జాతీయ సంస్థ అవతార్ డైరెక్టర్‌కు పత్రికలో ప్రకటన ఇచ్చి సాయం అడిగింది. కానీ నియమగిరిని కాపాడింది సినిమా కాదు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలంది. 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి, పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. పెద్ద పక్షి మీద ఎగిరి రాలేదు ఎవరూ. చాప మీద కూర్చుని ఒక్కొక్కరు లేచి చెప్పారు. మన దగ్గరా 1997 సమత తీర్పు అలాంటిదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మేం చూసిన ఏ సైన్స్ ఫిక్షన్ సినిమాలోనూ గ్రామసభ లేదు.

సరిగ్గా ఆ వారమే అమ్రాబాద్ వాడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పులుల అడవి లోపల ఉన్న పెంట కాబట్టి బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అని మీటింగ్ పెడుతున్నారట. రమ్మని నాన్న, సంతకం పెట్టేద్దామని అన్న.

ఇక్కడ నిజం చెప్పాలి. వాళ్లన్న చెడ్డవాడు కాదు. వదినను కాన్పుకి మంచం మీద పడుకోబెట్టి రోడ్డు దాకా మోసింది అతనే. "మీరు సినిమాలు చూసి అడవి అడవి అంటరు, ఉండేది మేము" అని ఫోన్లో మమ్మల్ని అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వెళ్లాలా వద్దా అని చెప్పడానికి మేం ఎవరం? వాళ్లకు బయటి హీరోలు అక్కర్లేదని మేమే అన్నాం కదా.

అందుకే మేం చేయగలిగింది చేశాం. రాత్రంతా కూర్చుని చట్టం చదివాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) ప్రకారం గ్రామసభ అన్నీ తెలుసుకుని, స్వేచ్ఛగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట చెప్పిన సౌకర్యాలు, భూమి పూర్తయ్యేదాకా ఎవర్నీ తరలించకూడదు. రూల్స్ ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చాం. వాడు రాత్రి ఇమ్లీబన్‌లో బస్సెక్కాడు.

మూడు రోజులకు వచ్చి చెప్పాడు. మీటింగ్‌కి వచ్చిన ఒకాయన కాగితం చదివి రిజిస్టర్ తిప్పాడట. వీడు లేచి, "సార్, ఇది హాజరు సంతకమా, ఒప్పుకున్నట్టు సంతకమా?" అని అడిగాడట. చేతులు వణికాయన్నాడు. అప్పుడు వాళ్ల పెద్దమ్మ లేచి, "ముందు ఆ ఇల్లు, ఆ భూమి సూపియ్యుండ్రి, చూసినంక మాట్లాడుకుందం" అంది. ఆ రోజు సంతకాలు కాలేదు. మళ్లీ మీటింగ్ పెడతామని వెళ్లిపోయారు.

అన్న మాత్రం బస్టాప్ దాకా వచ్చి కూడా మాట్లాడలేదట. వెళ్లేటప్పుడు ఒక్క మాట అన్నాడట: "రేపు పొద్దున మళ్ల ఎవరికన్నా కాన్పు వస్తే, నీ కాగితం మోస్తదా?" ఆ ప్రశ్నకు మాకు ఇంకా జవాబు దొరకలేదు. పెంటలో ఉండేవాళ్లకు రోడ్డు, అంబులెన్స్ ఇవ్వకుండా, పోతే 15 లక్షలు అంటే అది స్వేచ్ఛగా ఒప్పుకోవడం ఎట్లవుతుంది అన్నది కూడా అందులోనే ఉంది. ఈసారి ఆ అర్జీ కూడా రాస్తున్నాం. వదిన పేరుతోనే రాస్తున్నాం, ఆమె అడిగింది.

మీ అందరికీ రెండు మాటలు. ఒకటి, పాత సైన్స్ ఫిక్షన్ సినిమాలు మళ్లీ చూడండి, ఇందులో మనం ఎవరం అని అడగండి, కామెంట్‌లో రాయండి. మేం చూడనివి ఉంటే చెప్పండి. రెండు, మీ గూడెం, తండా, పెంటలో చివరి గ్రామసభ ఎప్పుడు జరిగిందో ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఎవరు సంతకం పెట్టారో, దేని మీద పెట్టారో అడగండి. మేం అయిదుగురం అడిగితే మాలో ముగ్గురి ఇళ్లల్లో తెలియదన్నారు.

అమ్రాబాద్ వాడు ఇప్పుడు ఎవరైనా ఊరి పేరు అడిగితే పెంట పేరే చెబుతున్నాడు.

జై ఆదివాసీ.
— గౌలిగూడ గది దోస్తులు